బాదం ఆకుల నీళ్ళలో దంపతులు

కొత్త ఫ్లాట్‌లో స్నానాలగది పని జరుగుతోంది. మేస్త్రీ వాష్‌బేసిన్ అంచు వెంట సిలికాన్ గొట్టం నొక్కుతూ సన్నటి తెల్లగీత గీస్తుంటే, వెనిగర్ సీసా మూత తీసినట్టు ఘాటైన పుల్లటి వాసన గదంతా కమ్ముకుంది. “వాసన పడట్లేదాండీ? కిటికీ తియ్యమంటారా?” అని అడిగాడు. వద్దన్నాను. అక్కడే గుమ్మానికి ఆనుకుని ఆ వాసన పీలుస్తూ నిలబడిపోయాను. అతనికేం తెలుసు, ఆ వాసనతో పాటు కృష్ణలంకలో మా వరండా, ఎండలో ఆరబెట్టిన అద్దపు పలకలు, నోట్లో బీడీ వెలిగించకుండానే పెట్టుకుని ఒక కన్ను మూసి మూలలు సరిచూస్తున్న మా నాన్న, అన్నీ ఒక్కసారిగా వచ్చి నిలబడ్డాయని!

నాన్న ఐసు వ్యాను నడిపేవాడు. హనుమాన్ జంక్షన్ దాటి చేపల చెరువుల దాకా ఐసు దిమ్మలు తోలి, తిరుగు ప్రయాణంలో చేపల పెట్టెలు వేసుకొచ్చేవాడు. అమ్మ మార్కెట్‌లో కత్తిపీట ముందు కూర్చుని ఆ చేపలే అమ్మేది. అటు తాతల నుంచి ఇటు మేనమామల దాకా మావాళ్ళంతా చేపల మీద బతికినవాళ్ళే. కానీ మేము అద్దెకుండే ఇంట్లోకి మాత్రం చేప రాకూడదు. ఇంటావిడ రాజ్యలక్ష్మి గారు, మేం మామ్మగారు అని పిలిచే ఆవిడ, మాకు వెనక పోర్షన్ ఇచ్చినప్పుడు పెట్టిన షరతు అదొక్కటే. వండకూడదు, కడగకూడదు, బుట్ట గుమ్మం దాటకూడదు. అందుకని అమ్మ బుట్ట మార్కెట్‌లోనే వదిలేసి, అక్కడి పంపు దగ్గరే నిమ్మచెక్కతో మోచేతుల దాకా రుద్దుకుని, వేరే చీర కట్టుకుని ఇల్లు చేరేది. మాకు పులుసు తినాలనిపిస్తే ఆదివారం నాన్న వ్యానులో ముందు సీట్లో ఇరుక్కుని కొల్లేటి పక్కనున్న తాతయ్య వాళ్ళ ఊరు వెళ్ళాల్సిందే. మామిడికాయ ముక్కలు వేసి, మట్టి దాకలో కట్టెల పొయ్యి మీద కాచిన ఆ పులుసు వేళ్ళకంటుకున్న వాసన పోకముందే తిరుగుదారి పట్టేవాళ్ళం. దారిలో ఎవరి ముంజల బండో కనిపిస్తే నాన్న ఆపేవాడు. వాటి నీళ్ళు మోచేతుల మీదుగా కారుతుంటే నాకు ఆ వారానికి సరిపడా పండగ అయిపోయేది.

ఆ ఇల్లు నాకిష్టమే. కరకట్టకు దగ్గర. వానాకాలం బ్యారేజీ గేట్లెత్తితే నది హోరు మా గదిలోకి వినిపించేది. శీతాకాలం పోతూ పోతూ పెరట్లో నాటుబాదం చెట్టు ఆకులన్నీ కుంకుమ రంగుకి తిప్పి రాల్చేది. సాయంత్రాలు వీధి పిల్లలమంతా ఆ చెట్టు కింద బాదంకాయలు రాళ్ళతో పగలగొట్టి లోపలి పప్పు తీసుకుని తింటుంటే, మామ్మగారు అరుగు మీద వత్తులు చేసుకుంటూ “వేళ్ళు చితక్కొట్టుకోకండర్రా” అని కేకలేసేవారు. ఆవిడ మంచావిడే. ఆ షరతు ఒక్కటీ తప్ప.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బడి నుంచి వచ్చే దారిలో, గవర్నరుపేట సందులో, బాషా గారి రంగుచేపల కొట్టు ముందు రోజూ ఆగేదాన్ని. బాషా గారు నెలకోసారి మద్రాసు నుంచి రైల్లో పాలిథిన్ సంచుల్లో చేపలు తెప్పించేవారు. అందరూ గోల్డ్‌ఫిష్‌లూ ఏంజెల్‌లూ కొనుక్కుపోతుంటే, అట్టడుగు అరలో ఒక తొట్టిలో మాసిపోయిన రంగులో, వేలెడంత చేపలు కొన్ని రాళ్ళ చాటున నక్కి ఉండేవి. వాటినెవరూ అడిగేవారు కాదు. ఒకరోజు వాటిలో ఒకటి తన వైపు వచ్చిన ఇంకోదాన్ని చూసి ఒళ్ళంతా విల్లులా వంచింది. పొట్ట మీద నేరేడుపండు తొక్క రంగు మచ్చ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి మెరిసింది. నేను అద్దానికి ముక్కు ఆనించేశాను.

“అవి క్రిబ్బులమ్మా, ఆఫ్రికా చేపలు. సిక్లిడ్లనే పెద్ద చేపల జాతే గానీ మరుగుజ్జు రకం,” అన్నారు బాషా గారు. “ఆలుమగలు కలిసి పిల్లల్ని పెంచుతాయి. మిగతా చేపల్లాగా గుడ్లు పెట్టి పోయే రకం కాదు.”

ఆలుమగలు కలిసి పిల్లల్ని పెంచే చేప! నాన్నని వదిల్తే ఒట్టు. ఆటోనగర్‌లో బస్సులకు అద్దాలు బిగించే స్నేహితుడి దగ్గర మామూలు అద్దం కోయించి, సిలికాన్ గొట్టం అరువు తెచ్చి, నాన్న ఆ వరండాలో నాకో తొట్టి చేసిపెట్టాడు. ఒక పక్క జిగురు వంకరపోయింది గానీ చుక్క కారలేదు.

ఇక మామ్మగారు. సంచిలో చేపలతో నేను గేటు తీయగానే అరుగు మీద నుంచి లేచి అమ్మను కేకేశారు. “సీతా! ఇదేమిటమ్మా, చేపలు వద్దన్నాను కదూ?”

అమ్మ అప్పుడే పని నుంచి వచ్చి తడిజుట్టు విదుల్చుకుంటోంది. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. అమ్మ మాత్రం నవ్వుతూ, “ఇయ్యి తినేయి కాదండీ మామ్మగారూ, చూసుకునేయి,” అంది.

మామ్మగారు కాసేపు సంచి వైపు చూశారు. సంచిలోంచి చేప ఆవిడ వైపు చూసింది. “చూసుకునేవయితే సరే. కానీ ఆ నీళ్ళు నా తులసికోట వైపు పారబొయ్యకండి,” అని లోపలికి వెళ్ళిపోయారు.

మొదట నేను చేసింది పొరపాటు సంబంధం. కొట్లో అన్నిటికంటే పెద్ద మగచేపనూ, అన్నిటికంటే అందమైన ఆడచేపనూ ఏరి తెచ్చి కలిపాను. తెల్లారేసరికి మగది ఆడదాన్ని మూలకు తరిమి, రెక్కల అంచులు చీరేసింది. ఏడుస్తూ మధ్యలో దోమతెర గుడ్డ చట్రం అడ్డంపెట్టి, ఆ సాయంత్రం రెంటినీ బాషా గారి దగ్గరకు పట్టుకెళితే ఆయన నవ్వారు. “మనం కుదిర్చే సంబంధాలు వీటికి పనికిరావు బేటీ. ఓ అరడజను పిల్లల్ని పట్టుకెళ్ళు. కలిసి పెరగనీ. ఇష్టపడినవి వాటంతటవే పక్కకి జరుగుతాయి. అప్పుడు మిగతావి నాకు తెచ్చివ్వు.”

అలాగే పెంచాను. వినాయకచవితి ఉండ్రాళ్ళు, దసరా సెలవులు, దీపావళి మతాబుల పొగ అన్నీ వచ్చి వెళ్ళాయి. తొట్టిలో మాత్రం ఆరు చిన్న చేపలు ఒకదాన్నొకటి ఓరగా చూసుకుంటూ తిరిగేవి. కొబ్బరిచిప్ప ఒకటి అంచున గుమ్మంలా కోసి బోర్లా పెట్టాను. చలి పడ్డాక ఒకరోజు చూస్తే, పొట్టిగా గుండ్రంగా ఉన్న ఒక ఆడది పొట్ట ఎర్రగా కాగిన రంగులో వెలిగిపోతూ, తోక చివర చుక్కలున్న ఒక సన్నటి మగదాని ముందుకెళ్ళి వంపు తిరిగి వణుకుతోంది. ఆ ఆరింటిలో పెద్దదనీ మెరుగైనదనీ నేననుకున్న మగచేప వైపు అది చూడనైనా లేదు. ఆ సన్నటిదీ అదీ కలిసి చిప్పలోని ఇసుకను నోటితో తీసి బయట ఉమ్మడం మొదలుపెట్టాయి. దగ్గరకు ఎవరొచ్చినా ఇద్దరూ కలిసి తరిమేవి. మిగతా నాలుగిటినీ కొట్లో ఇచ్చేసి వచ్చాను.

ఈ లోపు మామ్మగారికి అలవాటయింది. పూజా కాఫీ అయ్యాక పీట ఒకటి తెచ్చుకుని మా వరండాలో తొట్టి ముందు వేసుకునేవారు. చేపలు అనడం ఇష్టంలేక వాటికి ఆవిడే పేరు పెట్టుకున్నారు. “ఏమంటున్నారే మీ దంపతులు?” అనేవారు.

మొదటిసారి గుడ్లు పెట్టి వాటిని అవే తినేశాయి. మామ్మగారు చెంపలు వేసుకున్నారు. “కడుపున పుట్టినవాటినే! రాక్షసంగా!” అని కొన్నాళ్ళు వరండా వైపే రాలేదు. రెండోసారీ అంతే. బాషా గారు పెదవి విరిచారు. “బెజవాడ నీళ్ళు బరువమ్మా, సున్నం ఎక్కువ. మద్రాసులోనే కిందామీదా పడి పిల్లల్ని పెట్టిస్తారు. ఇక్కడ అయ్యే పని కాదు. రంగు బాగుంది, చూసుకో, చాలు.” నేను మొహం వేలాడేసుకుని వెనక్కి తిరుగుతుంటే, ఆయనే మళ్ళీ పిలిచి, “అక్కడ ఎండు బాదం ఆకులు వేస్తారంట, నీళ్ళు మెత్తబడటానికి. నేనెప్పుడూ చేసి చూళ్ళేదు,” అన్నారు.

బాదం ఆకులు! మా పెరట్లో అవి ఊడ్చి ఊడ్చి మామ్మగారి పనిమనిషి నడుం పడిపోయేది. ఎర్రవి, పురుగు తినని ఆకులు ఏరి కడిగి ఎండబెట్టి నీళ్ళలో వేశాను. కుళాయి నీళ్ళని బక్కెట్లలో పట్టి, మందు వాసన పోయేదాకా ఎండలో ఉంచి, కొంచెం కొంచెంగా మార్చాను. నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరిగాయి. “ఇంత చక్కటి అద్దంలో డికాషన్ పోశావేమిటే?” అన్నారు మామ్మగారు, పీట మళ్ళీ తెచ్చుకుంటూ.

ఒక ఉదయం బడికి జడ వేయించుకుంటూ అటు చూశాను. ఆడది చిప్ప బయట నిలబడి ఉంది. దాని చుట్టూ ఇసుక కదులుతోంది. ఇసుక కాదు. నువ్వుగింజ కన్నా చిన్న చిన్న ప్రాణాలు, వందకు తక్కువ ఉండవు, తల్లి జరిగితే జరుగుతూ, ఆగితే ఆగుతూ. “అమ్మా!” అని నేను పెట్టిన కేకకు అమ్మ దువ్వెనతో సహా పరిగెత్తుకొచ్చింది. మామ్మగారు మడిబట్టతోనే వచ్చేశారు. మేం చూస్తుండగానే గుంపు నుంచి తప్పిపోయిన ఒక పిల్లను తల్లి నోట్లోకి లాగేసుకుంది. “అయ్యో, తినేసిందే!” అని మామ్మగారు కళ్ళు మూసుకున్నారు. తల్లి చేప తాపీగా గుంపు దగ్గరకు ఈది, ఆ పిల్లను మధ్యలో ఉమ్మింది.

“ఉమ్మేసిందండీ, తిన్లేదు, చూడండి!” అంది అమ్మ, తన చేయి మామ్మగారి భుజం మీద పడిందన్న సంగతి కూడా మరిచిపోయి. మామ్మగారూ ఆ చేతిని తీయలేదు.

ఆ రోజుల్లోనే తాతయ్య మా ఇంటికి వచ్చాడు. అమ్మకు నాన్న. రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరి, ఆపరేషన్ కోసం. మనుషులు నీడల్లా తప్ప కనిపించేవారు కాదు. చేపపిల్లలకు ఏం పెట్టాలో తెలియక నేను తల పట్టుకుంటే, బాషా గారు ఉడికిన గుడ్డు పచ్చసొన చెప్పారు గానీ, “మామ్మగారి మనసు కష్టపెట్టటమెందుకులేవే,” అంది అమ్మ. తాతయ్య విని నవ్వాడు. “గుడ్డెందుకే బుజ్జమ్మా. చెరువు నీళ్ళు పల్చటి గుడ్డలో వడకట్టామంటే కంటికానని పురుగులు బోలెడు. చేపపిల్లకి అదే తల్లిపాలు.” మర్నాడు నాన్న వ్యానులో తనూ ఎక్కి, ఉయ్యూరు దాటాక ఒక చెరువు దగ్గర దిగి, అమ్మ పాత వాయిల్ చీర ముక్కలో నీళ్ళు వడకట్టి క్యానుతో తెచ్చాడు. చెరకు ఫ్యాక్టరీ వాసన ఆయన చొక్కాకు అంటుకుని వచ్చింది. పిల్లల పొట్టలు సాయంత్రానికి గుండ్రంగా ఉబ్బాయి.

తాతయ్య వయసులో ఉన్నప్పుడు చేసిన పని చేపపిల్లల రవాణా. అల్యూమినియం బిందెల్లో పిల్లల్ని నింపి రైలెక్కి ఎక్కడెక్కడి చెరువులకో మోసుకెళ్ళేవాడు. దారి పొడుగునా బిందెలోని నీళ్ళను అరచేత్తో కొడుతూ ఉండాలి, చెయ్యి ఆగితే పిల్లలు పోతాయి. “కొరమీను కూడా ఇంతేనే,” అనేవాడు నా చేపల గురించి చెబితే. “పిల్లల్ని గుంపుజేసి మొగుడూ పెళ్ళాం కాపలా కాసుద్ది. పిల్లల్తో ఉన్న కొరమీను మీద మేము వల వెయ్యం.” అది విన్నాక మామ్మగారు పీట తొట్టికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నారు.

మేలో ఎండలు మండిపోతున్నాయి. పిల్లలు వడ్లగింజంత అయ్యాయి. ఒక సాయంత్రం పశ్చిమాన నల్లగా కమ్మి, ఇసుక లేపుతూ గాలివాన వచ్చింది. వాన పడింది తక్కువ, గాలి విరగ్గొట్టింది ఎక్కువ. కరకట్ట వెంట స్తంభాలు ఒరిగిపోయాయి. కరెంటు పోయింది. మర్నాడు ఎండ మళ్ళీ నిప్పులు చెరిగింది. గాలి బుడగల మోటారు ఆగిపోయిన తొట్టి ముందుకు నేనొచ్చేసరికి దంపతులిద్దరూ నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పిల్లలన్నీ పైపొరకు అతుక్కుని ఉన్నాయి. కొన్ని అప్పటికే అడుగున తెల్లగా పడి ఉన్నాయి. నా ఏడుపు విని తాతయ్య గోడ తడుముకుంటూ వచ్చాడు.

“ఎందుకేడుస్తావ్? పీట ఇట్టా జరుపు.”

కూర్చుని, చెయ్యి నీళ్ళలోకి దించి, అరచేతిని దొప్పలా వంచి, నీళ్ళు లేపి వదిలాడు. మళ్ళీ లేపి వదిలాడు. చప్పుడు వాన చినుకుల్లా మెత్తగా. “బలంగా కొడితే పిల్ల బెదిరిద్ది. ఇదుగో, ఇట్టా. నీ చెయ్యి పెట్టు.” నా చేతిని తన చేతి కింద పెట్టుకుని ఆ లయ నేర్పాడు. నా చెయ్యి లాగేస్తే తను, తనకు లాగేస్తే నేను. అమ్మకు కబురు వెళ్ళినట్టుంది. మిట్టమధ్యాహ్నం బేరం మధ్యలో వదిలేసి గోనెసంచిలో ఐసు మోసుకుంటూ వచ్చింది, కట్టుబట్టలు మార్చకుండా, చేతులకు పొలుసులు అంటుకుని ఉండగానే. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. అరుగు మీద మామ్మగారున్నారు.

“ఆగావేమిటి సీతా, కరిగిపోతోంది!” అన్నారు మామ్మగారు.

ఐసుముక్కలు పాలిథిన్ కవర్లలో మూటకట్టి ఒక్కొక్కటిగా నీళ్ళ మీద తేలేశాం. గోనెపట్టా తడిపి తొట్టి చుట్టూ కప్పాం. అమ్మ కొంతసేపు కొట్టింది. తిరిగొచ్చిన నాన్న కొంతసేపు కొట్టాడు. నాకు మోచెయ్యి మొద్దుబారి కన్నీళ్ళొస్తుంటే మామ్మగారు కొంగు నడుముకు దోపుకుని, “జరుగు,” అన్నారు. చేప అన్న మాట పలకడానికే ఇష్టపడని ఆ మనిషి, చెయ్యి నీళ్ళలో పెట్టారు. పిల్లలు ఆవిడ వేళ్ళ మధ్య నుంచి ఈదాయి. “చక్కిలిగిలి పెడుతున్నాయే,” అని చిన్నపిల్లలా నవ్వారు. తాతయ్య పక్కనే కూర్చుని వింటూ, “కొంచెం నిదానం అమ్మగోరూ, ఆఁ, అదే, అంతే,” అని చెబుతూనే ఉన్నాడు. ఆ రాత్రి కూడా వంతులు వేసుకున్నాం. మర్నాడు సాయంత్రం మోటారు గుర్రుమని మొదలై తొట్టిలో బుడగలు లేచాక గానీ మా చేతులు ఆగలేదు. కొన్ని పిల్లలు పోయాయి. చాలా బతికాయి. చిప్ప గుమ్మం దగ్గర మగది, లోపల ఆడది, మధ్యలో పిల్లలు.

తర్వాత తాతయ్యకు ఆపరేషన్ అయింది. కట్టు విప్పి, నల్ల కళ్ళద్దాలు పెట్టి ఇంటికి తీసుకొచ్చిన రోజు, మంచినీళ్ళయినా తాగకుండా తొట్టి దగ్గరకు నడిపించమన్నాడు. వంగొద్దన్నారని నేను పీట మీద కూర్చోబెట్టాను. చాలాసేపు చూశాడు. “కళ్ళు బాగున్నప్పుడు కూడా ఇట్టా చూళ్ళేదే బుజ్జమ్మా,” అన్నాడు. “బిందెలో పైనుంచే గదా చూసేవోళ్ళం. వీపులే కనపడేయి. వీటికి కళ్ళిట్టా మెరుస్తయ్యని నాకు ఇయ్యాలే తెలిసింది.” లక్షల పిల్లల్ని బతికించిన చెయ్యి ఆ అద్దం మీద ఆనించుకుని కూర్చున్న ఆ మనిషి మనవరాలినని నాకు ఆ రోజు కలిగిన గర్వం మరెప్పుడూ, మరే విషయంలోనూ కలగలేదు.

పిల్లలు వేలి కణుపంత అయ్యాక, బాషా గారికివ్వడానికి అమ్మ నాతో వచ్చింది. మార్కెట్ నుంచి సరాసరి, మార్కెట్ చీరతోనే. బాషా గారు సంచి వెలుతురుకు పెట్టి చూసి, నా వైపు చూసి, వాటికి ముందు వరసలో ఏంజెల్‌ల పక్కన తొట్టి ఖాళీ చేశారు. అట్టముక్క మీద స్కెచ్‌పెన్నుతో రాసి అద్దానికి అంటించారు. “ఏం రాశారే?” అని అమ్మ నన్ను అడిగింది. “బెజవాడలో పుట్టినవి,” అని చదివాను. “మళ్ళీ చదువు,” అంది. ఎవరో సూటు వేసుకున్నాయన ఆ తొట్టి ముందు ఆగి వివరాలడిగితే, “ఈవిడ కూతురు పిల్లల్ని పెట్టించింది సార్,” అన్నారు బాషా గారు. అమ్మ పొలుసులంటిన చేతిని కొంగులో దాచుకోలేదు. నడుం నిటారుగా నిలబెట్టి, “మా అమ్మాయేనండీ. మేం చేపలోళ్ళం,” అంది.

ఆ వారమే మామ్మగారు, “బుట్ట అక్కడ ఎండలో ఎందుకు వదిలేస్తావు సీతా, తెచ్చి వరండాలో పెట్టుకో,” అన్నారు. వంట సంగతి ఆవిడా ఎత్తలేదు, అమ్మా అడగలేదు. అది చాలనిపించింది మాకు.

ఆ దంపతులు నేను ఇంటర్‌లో చేరే దాకా బతికాయి. ఎన్ని కాన్పులు చేశాయో లెక్కపెట్టడం మానేశాను. ఇప్పుడు ఆ వీధిలోకి వెళితే మామ్మగారి ఇల్లున్న చోట నాలుగంతస్తులు లేచాయి. చెట్టుకు చోటు లేదు. బాషా గారి కొట్లో సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. ఆయన కొడుకులు అమ్ముతున్నారు, నేనెవరో వాళ్ళకు తెలియదు. చేపపిల్లలిప్పుడు ఆక్సిజన్ నింపిన సంచుల్లో లారీలెక్కి వెళుతున్నాయి, వాటి కోసం ఎవరి చెయ్యీ నీళ్ళలో ఉండక్కర్లేదు. తాతయ్యా లేడు, మామ్మగారూ లేరు. ఇద్దరూ ఒకే తొట్టి ముందు ఒకే పని చేస్తూ కూర్చున్న ఆ మధ్యాహ్నాన్ని చూసినవాళ్ళం అమ్మా నాన్నా నేనూ, ముగ్గురమే మిగిలాం.

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు మాటల్లో మాటగా మీవాళ్ళేం చేస్తారండీ అని అడుగుతుంటారు. నేను గొంతు తగ్గించను. చేపలవాళ్ళం అంటాను. ఆగి వినేంత తీరిక వాళ్ళకుంటే, ఈ కథంతా చెబుతాను.